రూపాయి ఎంతో రెండ్రూపాయలూ అంతే!

కొండాపూర్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఏం గుర్తొస్తుంది? హైటెక్ సిటీ పక్కన ట్రాఫిక్, బొటానికల్ గార్డెన్, ఆకాశాన్నంటే అద్దెలు. నేను చెప్పబోయే కొండాపూర్ అది కాదండీ. ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి కూడా దాటి లోపలికి వెళితే ఇంకో కొండాపూర్ ఉంది. అక్కడ ట్రాఫిక్ లేదు. ఒక పెద్ద మట్టి దిబ్బ, దాని దగ్గర పురావస్తు శాఖ వాళ్ళ చిన్న మ్యూజియం ఉన్నాయి. ఆ దిబ్బని ఊళ్ళో కోటగడ్డ అంటారు.

నేను పుట్టి పెరిగింది పటాన్‌చెరులో. అంత దగ్గరుండి కూడా ముప్పై ఏళ్ళు దాటేదాకా ఆ మ్యూజియం మొహం చూడలేదు. (మనలో చాలామంది సంగతి ఇంతే కదా, ప్యారిస్ లూవ్ర్ చూసొస్తాం, పక్క మండలం చూడం.) చివరికి నన్ను అక్కడికి లాక్కెళ్ళింది చరిత్ర మీద ప్రేమ కాదు, ఒక ప్రోగ్రాములో బగ్గు. కెమెరాతో నాణేల్ని గుర్తుపట్టి వేరు చేసే ప్రోగ్రాము అది. దాని వెనక మా నాయిన గల్లాపెట్టె కథ, నేను చేసిన ఒక తప్పు కథ ఉన్నాయి. వాటికి వస్తాను. ముందు దిబ్బ సంగతి.

కోటగడ్డని నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940 ప్రాంతంలో తవ్వింది. శాఖకి అధిపతి గులాం యజ్దానీ. అజంతా చిత్రాల మీద పెద్ద పెద్ద పుస్తకాలు తెచ్చిన ఆయనే. ఆ తవ్వకాల్లో ఇటుక కట్టడాలు, బౌద్ధ నిర్మాణాలు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి. అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడుకున్నది మాత్రం నాణేల గురించే. రెండు వేలకి దగ్గరగా దొరికాయి. చాలావరకు శాతవాహనులవి. సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం, కొద్దిగా వెండి. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. వీటితో పాటు నాణేలు పోత పోసే కాల్చిన మట్టి అచ్చులు కూడా ఉన్నాయి. అందుకే కొండాపూర్‌ని టంకశాలల ఊరు అని పిలవడం మొదలైంది. 2009 తర్వాత భారత పురావస్తు శాఖ మళ్ళీ తవ్వింది.

ఆ అచ్చుల దగ్గర కాసేపు ఆగాలి. బీర్బల్ సాహ్ని పేరు వినే ఉంటారు, శిలాజ వృక్షాల మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఆయన 1945లో ప్రాచీన భారతదేశంలో నాణేలు పోత పోసే పద్ధతి మీద ఒక పుస్తకం రాశాడు. మొక్కల శిలాజాలు చూసే మనిషికి నాణేల అచ్చులతో ఏం పని అనుకోకండి. రెండిట్లోనూ పని ఒకటే: మట్టిలో మిగిలిన ముద్రని బట్టి అసలు వస్తువేదో చెప్పడం.

ఇప్పుడు కొండాపూర్ బజారులో నిలబడ్డ ఒక వ్యాపారిని ఊహించుకోండి. పూసలు అమ్మి డబ్బు తీసుకోవాలి. ఎదురుగా రకరకాల నాణేలు. పాత వెండి ముద్రల నాణెం గుండ్రంగా ఉండదు, కత్తిరించిన రేకు ముక్క. దాని విలువ తూకంలోను, వెండి నాణ్యతలోను ఉంది. సీసం నాణెం విలువ తూకంలో లేదు, ఏనుగు బొమ్మనో ఉజ్జయిని గుర్తునో చూసి, వేసిన రాజుని నమ్మి తీసుకోవాలి. రోమన్ బంగారానికి బొమ్మతో పని లేదు, ఏ కంసాలి అయినా కొంటాడు. ఇక సుత్తితో ముద్ర కొట్టి చేయాల్సిన నాణేన్ని ఎవడో మట్టి అచ్చులో పోత పోస్తే? అది దొరదా, దొంగదా అని చూడాలి.

అంటే రెండు వేల ఏళ్ళ కిందటే నాణేన్ని గుర్తుపట్టడానికి రెండు దారులున్నాయన్నమాట. ఒకటి ఒంటిని బట్టి: బరువు, సైజు, లోహం, మోగితే వచ్చే శబ్దం. రెండోది మొహాన్ని బట్టి: బొమ్మ, రాత. మొదటి దారికి కళ్ళు అక్కర్లేదు, రెండోదానికి కళ్ళే కావాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో టంకశాల చూసే అధికారి పేరు లక్షణాధ్యక్షుడు. నాణేలు పరీక్షించే ఉద్యోగి పేరు రూపదర్శకుడు. రూపాన్ని చూసేవాడు! కంప్యూటర్ విజన్‌కి ఇంతకంటే మంచి తెలుగు మాట నాకైతే కనపడలేదు. అన్నట్టు మన రూపాయి కూడా రూపం ముద్రించినది అనే అర్థమున్న "రూప్య" నుంచి వచ్చిందే.

అక్కడి నుంచి ఒక్క గెంతులో మా తాత కాలానికి వద్దాం. నిజాం రాజ్యానికి సొంత నాణేలుండేవి, హాలి సిక్కా అనేవాళ్ళు. హైదరాబాదులో సైఫాబాద్ టంకశాల 1903లో మొదలైంది. కాస్త అటూ ఇటూగా అదే సమయంలో చార్మినార్ బొమ్మ రూపాయి మీదికి వచ్చింది. సరిహద్దు దాటితే బ్రిటిష్ రూపాయి. దాన్ని మనవాళ్ళు కల్దార్ అన్నారు. కల్ అంటే యంత్రం, కల్దార్ అంటే యంత్రంతో కొట్టినది. రెండూ రూపాయలే అయినా విలువ ఒకటి కాదు, ఇంచుమించు 7 హాలి రూపాయలకి 6 కల్దార్లు. సరాఫు బజారులో కూర్చున్నవాళ్ళ పనే ఇది. చూడటం, మోగించడం, గీటురాయి మీద గీయడం, అనుమానమొస్తే పక్కన పెట్టడం. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పనుంది.

హైదరాబాదు రాష్ట్రం కలిసిపోయాక 1950లో ఆ టంకశాల భారత ప్రభుత్వం చేతికొచ్చింది. 1997లో చర్లపల్లిలో కొత్త టంకశాల వచ్చింది. మీ జేబులోని నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉందేమో చూడండి. ఉంటే అది హైదరాబాదులో పుట్టినట్టు. (డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా.) సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం పెట్టారు, వీలైతే చూడండి.

సరే, యంత్రం వచ్చాక ఏమైంది? ప్రతి నాణెం అచ్చు గుద్దినట్టు ఒకేలా రావడం మొదలైంది. ఒకేలా వస్తే ఒంటిని నమ్మడం తేలికవుతుంది. ఇక సరాఫు అక్కర్లేదు, ఒక కంత చాలు. నాణేలు వేరు చేసే మామూలు యంత్రం చూసుంటే తెలుస్తుంది, ఏటవాలు పట్టీ మీద నాణేలు దొర్లుతుంటాయి, కింద చిన్న కంత, తర్వాత కొంచెం పెద్దది, ఆ తర్వాత ఇంకా పెద్దది. ఎవరి సైజు కంత దగ్గర వాళ్ళు పడిపోతారు. మన జల్లెడే. ఇంకొంచెం తెలివైన యంత్రాల్లో కాయిల్ ఉంటుంది. నాణెం పక్క నుంచి వెళ్ళేటప్పుడు అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును బట్టి లోహమేదో పసిగడుతుంది. ఇందులో ఎక్కడా బొమ్మ చూడరు. మన రూపాయి కాయిన్ బాక్స్ ఫోన్ అంతే, రైల్వే స్టేషన్లో బరువు చూసి టికెట్టిచ్చే రంగు లైట్ల మెషీనూ అంతే. గాంధీ గారి బొమ్మ ఉందా, సింహాలున్నాయా అని అది అడగదు. సైజు, బరువు, లోహం సరిపోతే లైన్ కలుపుతుంది.

మన భాషలో చెప్పాలంటే నాణెం ఒళ్ళు ఒక ఇంటర్‌ఫేసు. మొహం మీదున్నది డాక్యుమెంటేషన్. యంత్రాలు డాక్యుమెంటేషన్ చదవవు, ఇంటర్‌ఫేసుని నమ్ముకుని పనిచేస్తాయి. మనుషుల్లో కూడా అలా నమ్ముకుని బతికేవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరు మా నాయిన.

నాయిన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక వచ్చిన డబ్బుతో కిరాణా కొట్టు పెట్టాడు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళే గిరాకీ. బీడీలు, సబ్బులు, పావుకిలో చక్కెర. యాభై దాటాక కళ్ళకి నీటికాసులు వచ్చాయి, గ్లకోమా. ఆలస్యంగా చూపించుకున్నాం, పోయిన చూపు తిరిగి రాదన్నారు. (జబ్బు పేరులో కూడా కాసులే చూడండి.) మనిషి ఆకారం తెలుస్తుంది, నాణెం మీద అంకె తెలియదు. అయినా కొట్టు మూయలేదు. "నా ఏళ్ళకు కండ్లున్నయ్ రా" అనేవాడు.

నిజంగానే ఉన్నాయి. చిల్లర గల్లాలో చెయ్యి పెట్టి, చూడకుండా లెక్క ఇచ్చేవాడు. ఎలాగో ఒకసారి నాకు చెప్పాడు. లావుగా, బరువుగా ఉంటే 5 రూపాయలు. మూలలుంటే 2 రూపాయలు. ఆ పాత 2 రూపాయల బిళ్ళకి 11 మూలలుండేవి, గుర్తుందా? పల్చటి స్టీలు బిళ్ళ, బొటనవేలంత వెడల్పుంటే రూపాయి. అంతకంటే చిన్నదైతే అర్ధరూపాయి. తర్వాత మూలలు లేని గుండ్రటి స్టీలు 2 రూపాయలొచ్చింది. అది 27 మిల్లీమీటర్లు, రూపాయి కన్నా కొంచెం పెద్దది. దానికీ వారంలో అలవాటు పడ్డాడు.

2012 చివర్లో గల్లా లెక్క తగ్గడం మొదలైంది. రోజూ కాస్త. పెద్ద మొత్తం కాదు, కానీ కిరాణా కొట్లో మిగిలేదే ఎంతని? వారం వారం నేను వెళ్ళి లెక్క చూసేవాణ్ణి. సరుకు లెక్క సరిపోతోంది, డబ్బు సరిపోవడం లేదు. కొట్లో నాయిన కాక ఉన్నది ఒక్క కుర్రాడు. పొట్లాలు కట్టేవాడు, పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. డీబగ్గింగ్‌లో మనకి బాగా అలవాటైన పద్ధతి ఉంది కదా, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలిందే తప్పు. నా లెక్కలో వాడే మిగిలాడు. నేను గట్టిగానే అడిగాను. వాడు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి రాలేదు. నాయిన నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

వాడు వెళ్ళాక లెక్క ఇంకా ఎక్కువ తగ్గింది.

అప్పుడు ఒక ఆదివారం గల్లా మొత్తం చాప మీద పోసి కూర్చున్నాను. స్టీలు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాను. రూపాయి బిళ్ళల దొంతరలో ఒకటి తిరగేసి చూస్తే దాని మీద 2 అని ఉంది. ఇంకోటి. ఇంకోటి. దొంతర అంచు ఎక్కడా హెచ్చుతగ్గులు లేవు, గీత గీసినట్టుంది. కళ్ళున్న నేనే రెండిటినీ కలిపి పేర్చాను.

2011లో కొత్త వరుస నాణేలు వచ్చాయి, మీద ₹ గుర్తుతో. (ఆ గుర్తుని 2010లో తీసుకున్నారు కదా.) ఆ వరుస కొలతలు చూడండి. కొత్త 2 రూపాయలు: స్టీలు, 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 1992 నుంచి వస్తున్న పాత రూపాయి: స్టీలు, 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. ఇంకోటి చూడండి. కొత్త రూపాయి 22 మిల్లీమీటర్లకి ఇంచుమించు, 3.79 గ్రాములు. పాత స్టీలు అర్ధరూపాయి కూడా 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. అంటే నిచ్చెన మొత్తం ఒక మెట్టు దిగింది. అర్ధరూపాయి ఒంట్లోకి రూపాయి వచ్చింది, రూపాయి ఒంట్లోకి రెండ్రూపాయలు వచ్చాయి. అన్నిటికంటే కింద ఉన్న పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది.

ఇలా దిగడం అదే మొదటిసారి కాదు. 1975లో వచ్చిన రాగి-నికెల్ రూపాయి 28 మిల్లీమీటర్లు, 8 గ్రాములు. 1983కి అదే రూపాయి 26 మిల్లీమీటర్లు, 6 గ్రాములు అయింది. 1992 ప్రాంతంలో రూపాయి స్టీలుకి మారి ఇంకా చిక్కింది, అప్పుడు 26 మిల్లీమీటర్లు, 6 గ్రాముల ఒళ్ళు 2 రూపాయలకి వెళ్ళింది. కారణం అర్థమయ్యేదే. ధరలు పెరిగేకొద్దీ రూపాయి విలువ తగ్గుతుంది, లోహం ధర తగ్గదు. నాణెంలో ఉన్న లోహం నాణెం విలువని దాటితే జనం కరిగించి అమ్ముకుంటారు. అందుకని ఏ దేశమైనా చిల్లరని చిక్కిస్తూనే ఉంటుంది. కానీ అప్పటి 2 రూపాయలకి 11 మూలలు పెట్టారు. పాత ఒళ్ళే ఇచ్చినా ఒక తేడా మిగిల్చారు. 2011లో ఆ మూలలు లేవు. నాయిన వేళ్ళకి అందే తేడా ఏదీ మిగల్లేదు.

రూపాయి చిల్లర ఇవ్వాల్సిన చోటల్లా ఆయన రెండ్రూపాయలు ఇచ్చేస్తున్నాడు. తీసుకున్నవాళ్ళలో కొందరు చూసుకోలేదు, కొందరు చూసుకుని ఊరుకున్నారు. నా లెక్కలో నేను కొట్టేసిన వాటిలో నాణెం ఉంది, ఎందుకంటే నాణెం ఎప్పుడూ అబద్ధం చెప్పదు అనుకున్నాను.

ఇలాంటిది జపాన్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1982లో జపాన్ 500 యెన్ నాణెం తెచ్చింది, అదే ఏడు దక్షిణ కొరియా 500 వన్ నాణెం తెచ్చింది. రెండూ 26.5 మిల్లీమీటర్లు, రెండూ రాగి-నికెల్. వన్ నాణెం అర గ్రాము బరువెక్కువ, విలువ మాత్రం యెన్‌లో పదో వంతుకి అటూ ఇటూ. ఇంకేముంది, వన్ నాణేనికి చిన్న గుంత తొలిచి బరువు తగ్గిస్తే జపాన్ వెండింగ్ మెషీన్లు దాన్ని 500 యెన్‌గా తీసుకునేవి. చివరికి 2000లో జపాన్ తన నాణెం లోహాన్నే మార్చాల్సొచ్చింది. నాణేల మీద కంప్యూటర్ విజన్‌లో తొలినాటి పేరున్న పని ఒకటి సరిగ్గా ఈ జంట మీదే జరిగింది. 1992లో ఫుకుమి, ఒమాటు తదితరులు న్యూరల్ నెట్‌వర్కుతో 500 యెన్‌ని, 500 వన్‌ని వేరు చేసి చూపించారు. నాణెం ఏ కోణంలో తిరిగి పడినా గుర్తుపట్టేలా చేయడం అందులో అసలు కిటుకు. నాణేనికి పైన, కింద అనేవి ఉండవు కదా.

తర్వాతి కథ యూరప్‌ది. 2002 జనవరిలో 12 దేశాలు ఒక్కసారిగా యూరో నాణేల్లోకి మారాయి. పాత షిల్లింగులు, మార్కులు, లీరాలు, ఫ్రాంకులు ఇళ్ళలో మిగిలిపోయి విరాళాల డబ్బాల్లోకి వచ్చి పడ్డాయి. ఇన్ని దేశాల నాణేలు కలిసిపోతే సైజు ఒక్కటీ చాలదు, ఎవరి 25 మిల్లీమీటర్లు అది? ఆస్ట్రియాలో దీనికోసం డాగోబెర్ట్ అనే యంత్రం తయారుచేశారు, 2003లో దాని మీద పేపర్ వచ్చింది. సెన్సర్లు వ్యాసం, మందం కొలుస్తాయి, కెమెరా రెండు వైపులా ఫొటో తీస్తుంది. తెలిసిన వందల రకాలతో పోల్చి చూస్తుంది. 2006లో నాణేలు గుర్తించే ప్రోగ్రాములకి యూరప్‌లో ఒక పోటీ కూడా పెట్టారు. అందులో కాయిన్-ఓ-మాటిక్ అనే సిస్టమ్ రాసిన ఇద్దరిలో ఒకడు లారెన్స్ వాన్ డెర్ మాటెన్. మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది, రెండేళ్ళ తర్వాత టీ-ఎస్‌ఎన్‌ఈ రాసింది ఆయనే. మహామహులు కూడా చిల్లర ఏరిన రోజులున్నాయి :-)

ఇదంతా చదివాక నేనూ ఒకటి రాద్దామని కూర్చున్నాను. పాత వెబ్‌క్యామ్, ఓపెన్‌సీవీ, నల్లగుడ్డ. గుండ్రాన్ని పట్టుకోవడం పది నిమిషాల పని. ఆ తర్వాతే మొదలైంది తిప్పలు. స్టీలు బిళ్ళ అద్దంలా మెరుస్తుంది, బల్బు నేరుగా పడితే అంకె కనపడదు. చుట్టూ ట్రేసింగ్ పేపర్ కట్టి వెలుతురు మెత్తబరిస్తే కొంత నయం. అరిగిన బిళ్ళల మీద అంకె నీడలా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, సింహాల వైపు పైకి పడితే విలువ ఉండదు, ఇంకోవైపు చూడాల్సిందే. అందుకే డాగోబెర్ట్ రెండు వైపులా చూసింది. సరే, తర్వాత కాలంలో డీప్ లెర్నింగ్ వచ్చి చేత్తో ఫీచర్లు రాసే బాధ తప్పించింది. ఫోన్లోనే నడిచేంత చిన్న మోడల్ ఇప్పుడు ఎవరైనా ట్రైన్ చేసుకోవచ్చు.

కానీ నా బగ్గు అది కాదు. నా ప్రోగ్రాముకి ఐదే జవాబులు తెలుసు: అర్ధ, ఒకటి, రెండు, ఐదు, పది. ఏం చూపించినా ఆ ఐదింట్లో ఒకటి చెప్పేది. ఎవరో ఇచ్చిన గల్ఫ్ నాణెం పెడితే ధైర్యంగా రూపాయి అంది. చొక్కా గుండీ పెడితే అర్ధరూపాయి అంది. "నాకు తెలీదు" అనే జవాబు నేను దానికి ఇవ్వలేదు.

ఆ బగ్గుతో తల పట్టుకున్న రోజుల్లోనే, కాస్త గాలి మారుతుందని కొండాపూర్ మ్యూజియంకి వెళ్ళాను. అద్దాల వెనక అరిగిన సీసం బిళ్ళలు, మట్టి అచ్చులు చూస్తుంటే తట్టింది. ఇక్కడ కూర్చున్న వ్యాపారికీ, తర్వాతి సరాఫుకీ ఆ జవాబు ఉండేది. అనుమానమొస్తే పక్కన పెట్టు. పనికొచ్చే సార్టింగ్ యంత్రం దేనికైనా పక్కన పెట్టే తొట్టి ఒకటి ఉండి తీరుతుంది. తెలియని నాణేన్ని తెలిసినట్టు లెక్కేయడం కంటే, మనిషి చూడటానికి వదిలేయడం మేలు.

ఈ తొట్టి లేకపోతే ఏమవుతుందో మనం ఊరంతా కలిసి చూశాం. 10 రూపాయల బిళ్ళ గొడవ గుర్తుందా? గీతలు 10 ఉంటే అసలుది, 15 ఉంటే దొంగది అని ఒకడు, ₹ గుర్తు లేకపోతే చెల్లదని ఇంకొకడు. మన దగ్గర బస్సుల్లో, కూరగాయల బండ్ల దగ్గర తీసుకోవడం మానేశారు. చివరికి 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటన ఇవ్వాల్సొచ్చింది, ఇప్పటిదాకా 14 డిజైన్లలో 10 రూపాయల నాణేలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి అని. 14 రకాలు! ఒక రకం చూసి నేర్చుకున్నవాడికి రెండోది కొత్తగా కనిపించింది, కొత్తది కాబట్టి దొంగది అయిపోయింది. తెలియనిదాన్ని దొంగ అనేయడం నా ప్రోగ్రాము చేసిన తప్పుకి తిరగేసిన రూపం. ఆ కుర్రాడి విషయంలో నేను చేసింది సరిగ్గా అదే.

2019 మార్చిలో చూపు లేనివాళ్ళని కూడా దృష్టిలో పెట్టుకుని కొత్త వరుస నాణేలు తెచ్చారు. రూపాయి 20 మిల్లీమీటర్లు, రెండ్రూపాయలు 23, ఐదు 25, పది 27. 20 రూపాయల బిళ్ళకి 12 మూలలు. మెట్లు స్పష్టంగా ఉన్నాయి, మూలలు తిరిగొచ్చాయి, చాలా సంతోషం. కానీ పాతవి రద్దు కాలేదు, ఇవన్నీ ఒకే గల్లాలో కలిసి తిరుగుతున్నాయి. 2020 జనవరి 1న రిజర్వ్ బ్యాంకు మణి అనే ఫోన్ యాప్ తెచ్చింది, చూపు లేనివాళ్ళకి నోటు చూసి విలువ చెబుతుంది. నోట్లకే, నాణేలకి కాదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను, తిట్టుకున్నా సరే. కెమెరాతో నాణేలు గుర్తుపట్టడం గొప్ప సరదా, పాత నాణేలు చదివే పనిలో, విరాళాల డబ్బాల్లో, హుండీల్లో నిజంగా పనికొస్తుంది. కంది ఐఐటీలో 2019 నుంచి ఏఐలోనే బీటెక్ ఉంది, కొండాపూర్ అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ పిల్లలెవరైనా అక్కడి అరిగిపోయిన శాతవాహన నాణేల్ని చదివే మోడల్ చేస్తే నేను చప్పట్లు కొడతాను. కానీ కిరాణా కొట్లో రూపాయిని గుర్తుపట్టడానికి కెమెరా కావాల్సి వచ్చిందంటే అది విజన్ సాధించిన విజయం కాదు, ఇంటర్‌ఫేసు మార్చినవాళ్ళు చేసిన పొరపాటు. డిజైన్ బల్ల దగ్గర ఒక్క మూల పెట్టి ఉంటే తీరిపోయే సమస్య.

ప్రోగ్రాము కాస్త కుదిరాక నాయినకి ఫోన్లో చూపించాను. బిళ్ళ కింద పెడితే "రెండు రూపాయలు" అని గట్టిగా చదివింది. ఆయన రెండు మూడు బిళ్ళలు పెట్టి విన్నాడు. నవ్వాడు. తర్వాత అన్నాడు, "మంచిగనే ఉన్నది రా. గని నా గల్లల ఉన్నది ఎంతనో నాకు ఇంకోడు చెప్పాల్నా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన తన పద్ధతి తనే చేసుకున్నాడు. రెండు డబ్బాలు పెట్టాడు, గిరాకీ వాళ్ళనే రూపాయి ఇందులో, రెండ్రూపాయలు అందులో వేయమనేవాడు. ఎక్కువమంది సరిగ్గానే వేశారు.

ఆ కుర్రాణ్ణి నాలుగేళ్ళ తర్వాత చూశాను. ఇస్నాపూర్ చౌరస్తాలో సొంత ఆటో నడుపుతున్నాడు. దిగి, తప్పు నాదేనని చెప్పాను, బిళ్ళల సంగతి వివరించబోయాను. వాడు మధ్యలోనే ఆపాడు. "నాకు అప్పుడే ఎర్కనే అన్నా. సేటు రెండ్రూపాయలిస్తే నేను గిరాకోళ్ళ కాడ వాపస్ తీసుకొని గల్లల ఏస్తుంటి. సేటుకు చెప్తె నారాజయితడని చెప్పలే."

వాడు వెళ్ళాక లెక్క ఎందుకు ఇంకా తగ్గిందో నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. ఆటో డబ్బులు 40 అయ్యాయి. 50 ఇస్తే 10 రూపాయల బిళ్ళ తిరిగి ఇచ్చాడు. ₹ గుర్తు లేని పాతది. తీసుకుని జేబులో వేసుకున్నాను.